పేటల రంగులు, వోట్ల లెక్కలు

మన పాఠశాలలోని భూగోళపు గదిలో గోడలకు వ్రేలాడుచున్న పటములను మన విద్యార్థులందఱు ఎఱుగుదురు. ఒక దేశమునకు పసుపు, దాని పొరుగుదేశమునకు ఆకుపచ్చ, ఆవలిదానికి గులాబిరంగు వేసియుండును. ఆ రంగులకు అర్థమేమియు లేదు. ఎల్లలు స్పష్టముగా కానవచ్చుటకే అవి వేయబడినవి. కాని లోకములో మఱియొక విధమైన పటములు గలవు. అవి దేశములవి కావు. ఒక మహాపట్టణములోని పేటలవి, వీథులవి, ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క యింటివి. ఈ యింట ఏ దేశమునుండి వచ్చినవారు కాపురమున్నారు, ఆ వీథివారు ఏ భాష మాటలాడుదురు, ఈ పేటవారు కడచిన ఎన్నికలలో ఎవరికి వోటు వేసిరి అను సంగతులను రంగులతో తెలుపుట వాని పని. ఆ పటములలో రంగునకు అర్థము గలదు. కొన్ని వేళల ఆ యర్థము మనుష్యుల బ్రదుకులనే మార్చివేసినది.

ఒకనాడు పై తరగతిలో మేము ఇట్టి పటమును గూర్చి చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, “అయ్యా, మా పేటకు ఎఱ్ఱరంగు వేసినయెడల నేనును ఎఱ్ఱరంగువాడనే యగుదునా?” అని యడిగెను. తరగతియంతయు నవ్వెను. మేమును చిఱునవ్వు నవ్వి పాఠమును సాగించితిమి గాని, ఇంటికి పోయిన తరువాత ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఎన్నికల దినములలో అరుగులమీదను, కాఫీ హోటళ్లలోను “ఆ పేటవారందఱు ఫలానావానికే, ఈ వీథివారందఱు ఇతనికే” అని పెద్దలు లెక్కలు కట్టుట మన పిల్లలు వినుచునే యున్నారు. పత్రికలును అట్లే వ్రాయుచున్నవి. ఇంక కొన్ని యేండ్లలో ఈ విద్యార్థులే వోటర్లగుదురు. కావున ఆ లెక్కలు ఎట్లు పుట్టినవి, వానిలో ఎంత నిజము గలదు, ఎక్కడ మోసపోవుదుము అను సంగతిని కొంచెము విపులముగా వ్రాయదలచితిమి.

ఇందుకు అమెరికాలోని చికాగో నగరమును ఉదాహరణముగా గైకొనుచున్నాము. 1893 లో సర్వమత మహాసభ జరిగిన పట్టణముగా దాని పేరు మనవారికి చిరపరిచితము. వివేకానందస్వామి ప్రసంగించినది అచ్చటనే. ఆ యేడే, ఆ పట్టణములోనే, పేదల వీథులలో నలుగురు మనుష్యులు కాగితములు చేతబట్టుకొని ఇల్లిల్లు తిరుగుచుండిరి. మహాసభను గూర్చి మనము ఎన్నో వ్యాసములు చదివియున్నాము. ఆ నలుగురి తిరుగుడును గూర్చి చదివినవారు మనలో తక్కువ.

హాల్‌స్టెడ్ వీథిలో హల్ హౌస్ అను సేవాగృహము ఉండెను. దానిని 1889 లో జేన్ ఆడమ్స్, ఎల్లెన్ గేట్స్ స్టార్ అను ఇద్దఱు స్త్రీలు స్థాపించిరి. చదువుకొన్న కలవారి బిడ్డలు పేదల పేటలోనే కాపురముండి, చదువు, శిశుపోషణ మొదలగు పనులలో ఇరుగుపొరుగువారికి తోడ్పడుట దాని యుద్దేశము. 1893 లో అమెరికా ప్రభుత్వపు కార్మికశాఖవారు మహాపట్టణములలోని మురికిపేటలను పరీక్షింప నిశ్చయించి, చికాగోలోని పనిని హల్ హౌస్‌లో నివసించుచుండిన ఫ్లారెన్స్ కెల్లీ అను నామెకు అప్పగించిరి. పడమట హాల్‌స్టెడ్ వీథి, తూర్పున స్టేట్ వీథి, ఉత్తరమున పోక్ వీథి, దక్షిణమున పండ్రెండవ వీథి: ఈ నాలుగు ఎల్లల నడుమనున్న చోటు చదరపు మైలులో మూడవవంతు మాత్రమే. ఆ కొద్దిచోట 18 జాతులవారు కాపురముండిరి.

ఆ లెక్కలను ప్రభుత్వమునకు పంపుటతో హల్ హౌస్‌వారు తృప్తి నొందలేదు. లండనులో చార్లెస్ బూత్ అను సంపన్న వర్తకుడు అంతకు కొలది యేండ్లకు ముందు ఆ నగరపు వీథులను కలిమిలేములను బట్టి ఏడు రంగులలో చూపి పటములు ప్రకటించియుండెను. అట్టి పని తామును చేయవలెనని వీరు పూనుకొని, 1895 లో “హల్ హౌస్ మేప్స్ అండ్ పేపర్స్” అను గ్రంథమును వెలువరించిరి. అందు రెండు పటములు. ఒకటి కుటుంబముల కూలిని తెలుపునది. వారమునకు అయిదు డాలర్లు గాని అంతకు తక్కువ గాని వచ్చు కుటుంబమునకు నలుపు. రెండవది జాతులను తెలుపునది. ఇటలీవారికి నీలము, ఐర్లండువారికి ఆకుపచ్చ, రష్యానుండి వచ్చినవారికి ఎఱుపు, బొహీమియావారికి పసుపు, ఆఫ్రికా సంతతివారికి నలుపు. ఇంగ్లీషు మాటలాడువారికి తెలుపు.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి నిదానముగా చదువవలెను. పటముతో కూడ ప్రకటించిన వివరణములో, ఎవరిని ఏ రంగులో చేర్చితిమో వారు తెలిపియున్నారు. పరదేశీయుల బిడ్డలలో అమెరికాలో పుట్టినవారు పది యేండ్లు దాటినయెడల వారిని ఇంగ్లీషు మాటలాడువారిలో చేర్చిరి. పది యేండ్లు దాటకపోయినను ఏదేని సర్కారు బడికి పోవుచున్నయెడల వారిని గూడ అందులోనే చేర్చిరి. అనగా ఒకే గదిలో, ఒకే పొయ్యి యొద్ద కూర్చుండి యొకే రొట్టెను పంచుకొని తిను తండ్రికి నీలము, బిడ్డకు తెలుపు! ఆ బిడ్డ యొక రంగునుండి మఱియొక రంగునకు దాటినది బడి గడప దాటుటచేతనే. మఱియు ఐర్లండువారు ఇంగ్లీషు మాటలాడువారే యైనను వారిని తెలుపులో చేర్చక వేఱు రంగు వేసిరి. ఇది తప్పని మేము చెప్పుట లేదు. ఎక్కడనో యొకచోట గీత గీయక పటము వ్రాయుట ఎవరికిని సాధ్యము కాదు. వీరు తాము ఎక్కడ గీత గీసిరో దాచక చెప్పిరి. తరువాతి కాలమున పటములు గీసినవారందఱు అట్లు చెప్పలేదు.

ఇట్టి పరిశీలనలవలన మేలు కలిగెను. ఫ్లారెన్స్ కెల్లీ మొదలగువారు ఇట్లు ఇల్లిల్లు చూచి సేకరించిన సంగతులను ముందిడుకొని పోరాడుటచే 1893 లో ఇల్లినాయ్ రాష్ట్రమున కర్మాగారముల శాసనమొకటి పుట్టెను. పదునాలుగేండ్లలోపు పిల్లలను కర్మాగారములలో పనికి పెట్టరాదని ఆ శాసనము విధించెను. దాని అమలునకు మొదటి ముఖ్య తనిఖీదారుగా ఆమెయే నియమింపబడెను. స్త్రీలకు రోజునకు ఎనిమిది గంటలే పని అను భాగమును రాష్ట్రపు పెద్ద న్యాయస్థానము 1895 లో కొట్టివేసెను గాని, తక్కినది నిలిచెను.

ఇక వోట్ల సంగతి. హల్ హౌస్ ఉన్నది 19వ వార్డు. ఆ వార్డులో ఇటలీవారు నానాటికి పెరుగుచుండిరి. యూదులు, బొహీమియావారు, గ్రీకులు నుండిరి. పటమును మాత్రమే చూచినవాడు ఆ వార్డు తరఫున నగరసభలో ఇటలీవాడొకడు కూర్చుండునని యూహించును. కాని అచ్చట గెలుచుచుండినవాడు జానీ పవర్స్ అను ఐర్లండువాడు. 1888 లో మొదట ఎన్నికై, నడుమ కొంచెము విరామముతో ఇంచుమించు నలువది యేండ్లు అతడు ఆల్డర్మన్‌గా నుండెను. లంచగొండి యని పేరుపడినవాడు. వీథులు ఊడ్పింపడు, చెత్త తీయింపడు. హల్ హౌస్‌వారు 1896 లోను 1898 లోను అతనిని ఓడింప ప్రయత్నించి తామే ఓడిపోయిరి.

ఎందుచేత? 1898 లో జేన్ ఆడమ్స్ దీనిని గూర్చి యొక వ్యాసము వ్రాసెను. అందులో ఆమె పేదలను నిందింపలేదు. ఎవరింట చావు కలిగినను పవర్స్ పోవును. శవసంస్కారమునకు సొమ్ము లేకున్న తానిచ్చును. కుఱ్ఱవాడు పోలీసులకు చిక్కినచో జామీను పడును. అద్దె కట్టలేనివానికి అద్దె కట్టును. క్రిస్మసు పండుగకు టన్నులకొలది టర్కీ కోళ్లు పంచిపెట్టును. తన వార్డువారు 2,600 మంది సర్కారు జీతములు తినుచున్నారని గొప్పలు చెప్పుకొనెడివాడు. అతడు మంచివాడు కాకపోవచ్చును గాని పొరుగువాడు. నీతి బోధించుటకు వచ్చినవారు మాత్రము చావునాడు కానరాలేదు! ఈ సంగతి ఏ రంగులోను పడదు. ఇటలీవాని వోటు ఇటలీవానికే పడును అనుకొన్నవాడు ఆ వార్డులో పందెము వేసియుండినచో చొక్కా గూడ పోగొట్టుకొనియుండెడివాడు.

మఱియొక చిన్న సంగతి. పటములో రంగు వేయబడిన వారందఱికి వోటు లేదు. కొత్తగా వచ్చి పౌరసత్వము పొందనివారికి లేదు. ఇల్లినాయ్‌లో స్త్రీలకు నగరపు ఎన్నికలలో వోటు 1913 లోగాని రాలేదు. 1898 లో పవర్స్‌పై పోరాటము నడపిన జేన్ ఆడమ్స్‌కే వోటు లేకుండెను. జనుల పటము వేఱు, వోటర్ల పటము వేఱు అని దీనివలన తెలియుచున్నది.

ఇదే కాలమున ఫిలడెల్ఫియా నగరమున డబ్ల్యు. ఈ. బి. డూబోయ్ అను నల్లజాతి పండితుడు 1896 నుండి ఆ నగరపు ఏడవ వార్డులో ఇల్లిల్లు తిరిగి, తన జాతివారి స్థితిగతులను పరిశోధించి, 1899 లో “ది ఫిలడెల్ఫియా నీగ్రో” అను గ్రంథమును ప్రకటించెను. బయటివారికి ఆ పేట అంతయు ఒకటే నలుపు. డూబోయ్ ఆ నలుపును నాలుగు తరగతులుగా విడదీసి నాలుగు రంగులతో చూపెను: సుఖజీవులు, కష్టించి నిలదొక్కుకొన్నవారు, పేదలు, నేరములతో బ్రదుకువారు. ఒకే రంగను మాటను అంత ఓపికతో పగులగొట్టినవారు అంతకుముందు అరుదు.

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో అమెరికా దక్షిణ రాష్ట్రములనుండి నల్లజాతివారు లక్షలకొలది ఉత్తర నగరములకు వలస పోయిరి. చికాగోకు వచ్చినవారు ఆ నగరపు దక్షిణభాగమున నొక సన్నని పట్టీవంటి చోట క్రిక్కిఱిసి యుండిరి. వారు అక్కడనే యుండుట తమ యిష్టముచే కాదు. తక్కిన పేటలలోని యిండ్ల దస్తావేజులలో “నల్లవారికి అమ్మరాదు, అద్దెకీయరాదు” అను షరతులు వ్రాసికొనుచుండిరి. 1948 లో అమెరికా సుప్రీంకోర్టు అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపఱుపరాదని తీర్పు చెప్పువఱకు అవి చెల్లుచునే యుండెను.

ఆ పట్టీలోని వోట్లవలననే 1915 లో ఆస్కార్ డిప్రీస్ట్ చికాగో నగరసభలో మొదటి నల్లజాతి ఆల్డర్మన్ ఆయెను. 1928 లో అతడు అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. ఉత్తర రాష్ట్రములనుండి అట్లు పోయిన మొదటి నల్లజాతివాడు అతడే. అతడు లింకను కక్షయగు రిపబ్లికన్ కక్షవాడు. ఆఱేండ్లు గడచెను. 1934 లో అదే చోట ఆర్థర్ మిచెల్ అతనిని ఓడించి గెలిచెను. మిచెల్‌ది డెమోక్రాటిక్ కక్ష. ఆ కక్షనుండి కాంగ్రెసునకు పోయిన మొదటి నల్లజాతివాడు. నడుమ ఏమి జరిగెను? దేశమంతట పనులు పోయి జనులు ఆకలిపాలైరి. రూజ్వెల్ట్ అధ్యక్షుడై పనులు కల్పింపసాగెను. జాతుల పటమున ఆ పేట రంగు ఇసుమంతయు మాఱలేదు. వోట్ల పటమున రంగు తలక్రిందులయ్యెను. జాతియే వోటును నిర్ణయించునని చెప్పువారు ఈ ఆఱేండ్లకు జవాబు చెప్పవలసియుండును.

మేలు చేసిన పటమును గూర్చి పైని వ్రాసితిమి. కీడు చేసిన పటమును గూర్చి వ్రాయుట న్యాయము. 1933 లో అమెరికా ప్రభుత్వము ఇండ్లవారి ఋణభారమును తగ్గించుటకు ఒక సంస్థను స్థాపించెను. ఆ సంస్థ 1935 మొదలు 1940 వఱకు రెండువందలకు పైగా నగరములకు పటములు తయారుచేయించెను. అప్పిచ్చుటకు మిక్కిలి తగిన పేటకు ఆకుపచ్చ, తరువాతిదానికి నీలము, ఆ తరువాతిదానికి పసుపు, అపాయకరమైనదానికి ఎఱుపు. నల్లజాతివారు నివసించు పేటలన్నియు ఇంచుమించుగా ఎఱుపులోనే పడెను. హల్ హౌస్‌వారు వాడినవియు ఇట్టి రంగులే.  కాని అది పేదవాని కూలి ఎంతయో తెలిసికొనుటకు, ఇది వానికి అప్పీయకుండుటకు. ఈ పటమే పేటలను పాడుచేసెనా, లేక అంతకుముందే అప్పులవారికి గల దురభిప్రాయమును కాగితముపై నెక్కించెనా అని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. ఇంటి అమ్మకములలోను అద్దెలలోను జాతిభేదము చూపరాదను శాసనము 1968 లోగాని పుట్టలేదు.

ఇట్లు గోడలు కట్టినట్లు విడిపోయిన నగరములో 1983 లో జరిగిన మేయరు ఎన్నికను వోట్ల పటములు గీయువారు ఇప్పటికిని ఉదాహరింతురు. ఆ యేడు ఫిబ్రవరిలో డెమోక్రాటిక్ కక్షలోని పోటీలో ముగ్గురు నిలిచిరి: అప్పటి మేయరగు జేన్ బర్న్, పూర్వపు మేయరు కుమారుడు రిచర్డ్ ఎమ్. డేలీ, నల్లజాతివాడగు హెరల్డ్ వాషింగ్టన్. తెల్లవారి వోట్లు మొదటి యిద్దఱి నడుమ చీలగా వాషింగ్టన్ గెలిచెను. చికాగోలో 1927 తరువాత మేయరు పదవికి ఎన్నికైన రిపబ్లికను లేడు. డెమోక్రాటిక్ కక్షవాడుగా నిలిచినవాడు గెలిచినట్లే లెక్క. కాని ఏప్రిలు 12 వ తేది ఎన్నికలో రిపబ్లికనగు బెర్నార్డ్ ఎప్టన్‌కు, ఆజన్మము డెమోక్రాటిక్ కక్షకే వేసిన తెల్లవారి వార్డులు వార్డులే వోట్లు కుమ్మరించెను. సుమారు 13 లక్షల వోట్లు పోలు కాగా, వాషింగ్టన్ సుమారు 48 వేల ఆధిక్యముతో మాత్రమే గట్టెక్కెను.

ఆ ఎన్నిక పటమున దక్షిణము, పడమర యొక రంగు. వాయవ్యము, నైరృతి మఱియొక రంగు. మొదటి చూపునకు జాతుల పటమును వోట్ల పటమును ఒకదానిపై నొకటి పెట్టినచో అంచులు సరిపోవునట్లుండును. “చూచితిరా! జాతియే వోటు” అని యందురు. సరే. అయితే ఆ 48 వేల ఆధిక్యము ఎక్కడనుండి వచ్చెను? నల్లజాతివారి వోట్లు మాత్రమే చాలియుండెడివి కావు. సరస్సు ఒడ్డున నున్న ఉత్తరపు వార్డులలో తెల్లవారు, నల్లవారు, లాటిన్ అమెరికా సంతతివారు కలిసి కాపురమున్నారు. అచ్చటి వోట్లు రెండు వైపుల చీలెను. తెల్లవారిలో నూటికి సుమారు 12 మంది వాషింగ్టన్‌కు వేసిరని అంచనా. పటముపై స్పష్టమైన రంగు లేక మసకగా కానవచ్చు వార్డులే, జనుల కంటికి ఆనని వార్డులే, మేయరును నిర్ణయించినవి.

ఇప్పుడు ఆ మసకను గూర్చి యొక చిన్న లెక్క. పలకలు తీసికొనుడు. ఒక పేటలో 100 మంది వోటర్లు గలరు. అందఱు వోటు వేసిరి. వారిలో 60 మంది ఎగువ వీథివారు, 40 మంది దిగువ వీథివారు. ఒక అభ్యర్థికి 60 వోట్లు వచ్చెను. అరుగుమీది పెద్దమనిషి “ఎగువవారు 60, వోట్లు 60, సరిపోయినది” అని చిటికె వేయును. కాని దిగువవారు 40 మందియు అతనికే వేసియుండవచ్చును గదా! అప్పుడు ఎగువవారిలో వేసినది 20 మంది మాత్రమే. కాబట్టి ఎగువవారి వోట్లు 20 మొదలు 60 వఱకు ఎంతయైనను కావచ్చును. పెట్టెలోని చీటీలకు పేరులు లేవు గనుక ఇంతకుమించి ఎవరును చెప్పజాలరు. ఇక మఱియొక పేటను చూడుడు. ఎగువవారు 95, దిగువవారు 5, అభ్యర్థికి 95 వోట్లు. ఇచ్చట దిగువవారు అయిదుగురును అతనికే వేసిరనుకొన్నను ఎగువవారు 90 మందికి తగ్గరు. 90 మొదలు 95 వఱకు, ఇంచుమించు తెలిసిపోయినట్లే. డంకన్, డేవిస్ అను ఇద్దఱు పండితులు 1953 లో ఈ పద్ధతిని ప్రకటించిరి.

దీనిని గూర్చి కొంచెముసేపు ఆలోచింపవలెను. కలిసి కాపురమున్న పేటలో ఎవరి వోటు ఎటు పోయెనో పటము చెప్పలేదు. గోడ కట్టినట్లు విడిపోయిన పేటలోనే చెప్పగలదు. చికాగో పటములు అంత స్పష్టముగా నుండుటకు కారణము పటము గీసినవారి నేర్పు కాదు. దస్తావేజులలోని షరతులును, ఎఱ్ఱరంగు పటములును, అప్పీయని బ్యాంకులును జనులను ముందుగనే వేఱువేఱు గళ్లలో కూర్చుండబెట్టెను. పటము చక్కగా కనబడుచున్నదని మనము మెచ్చుకొనునప్పుడు ఏ దుఃఖమును మెచ్చుకొనుచున్నామో యెఱుగము.

మన విద్యార్థి ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబు 1950 లో డబ్ల్యు. ఎస్. రాబిన్సన్ అను పండితుడు ఇచ్చెను. అతడు అమెరికాలోని 1930 జనాభా లెక్కలు తీసికొని, పరదేశమున పుట్టినవారి సంఖ్యకును చదువురానివారి సంఖ్యకును గల సంబంధమును పరీక్షించెను. రాష్ట్రములవారీగా చూడగా, పరదేశీయులు ఎక్కువగా నున్న రాష్ట్రములలో చదువురానివారు తక్కువగా నుండిరి. ఆ సంబంధము ఋణము 0.53. అంతట పరదేశీయులే మిక్కిలి చదువుకొన్నవారని తేలవలెను గదా! మనుష్యులవారీగా చూడగా సంగతి తలక్రిందులయ్యెను: ధనము 0.12. అనగా పరదేశీయులలోనే చదువురానివారు కొంచెము ఎక్కువ. ఇదెట్లు? వలస వచ్చినవారు పనులు దొరకు రాష్ట్రములకు పోయిరి. ఆ రాష్ట్రములలో స్వదేశీయులు బాగుగా చదువుకొన్నవారు. రాష్ట్రపు రంగు చెప్పినది ఇరుగుపొరుగువారి చదువును గూర్చి, వలసవానిని గూర్చి కాదు. పేటను చూచి మనుష్యుని నిర్ణయించుటలోని పొరపాటు ఇదియే. 1997 లో గారీ కింగ్ అను మఱియొక పండితుడు ఈ చిక్కును తగ్గించు గణితమార్గమును ప్రతిపాదించెను గాని, చిక్కు తగ్గినదే కాని తీఱలేదు.

అయినను ఈ పటములను చించివేయవలెనని మేము చెప్పము. వాషింగ్టన్ మేయరైన తరువాత నగరసభలోని 50 మంది ఆల్డర్మన్లలో 29 మంది ఒక్క కట్టుగా నిలిచి అతని పనులను అడ్డగించిరి. అతని పక్షమున 21 మంది. అంతకు కొంతకాలము ముందు గీసిన వార్డుల ఎల్లలు నల్లజాతివారి బలమును, లాటిన్ అమెరికా సంతతివారి బలమును తగ్గించునట్లు గీయబడెనని కోర్టులో వ్యాజ్యము నడచుచుండెను. ఆ వాదమును ఋజువు చేయుట జనుల లెక్కలు, వోట్ల లెక్కలు, పటములు లేనిదే కుదరదు. కోర్టు ఎల్లలను సరిచేయించి 1986 లో ఏడు వార్డులలో మరల ఎన్నికలు జరిపించెను. సభ 25, 25 గా నిలిచి, మేయరు వోటు తీర్పరి యయ్యెను. ఎవరును ఇల్లు మాఱలేదు; పొరుగువాడు మాఱలేదు; కాగితముపై గీత జరిగెను, అంతే. వాషింగ్టన్ 1987 ఏప్రిలులో మరల గెలిచి, ఆ నవంబరు 25 వ తేదిని పదవిలో నుండగనే మరణించెను.

ఈ విషయము మనకు దూరము కాదు. కాగితపు వోట్ల కాలమున మన దేశమున ఒక నియమము చేయబడెను: ఎన్నికల సంఘము చెప్పిన నియోజకవర్గములలో వేఱువేఱు పోలింగు కేంద్రముల చీటీలను కలిపివేసి లెక్కింపవలెను. ఏ వాడవారు ఎవరికి వేసిరో తెలిసినచో, ఓడినవాడో గెలిచినవాడో ఆ వాడపై కక్ష తీర్చుకొనునను భయమే దానికి కారణము. వోటు యంత్రములు వచ్చిన తరువాత ప్రతి కేంద్రపు లెక్కయు విడిగా బయటపడుచున్నది. యంత్రముల లెక్కలను కలిపి చూపు పరికరమును వాడవలెనని ఎన్నికల సంఘము 2008 లో సూచించెను గాని కేంద్రప్రభుత్వము అందుకు సమ్మతింపలేదు. ఒక్కొక్క కేంద్రమున వోటర్లు వేయికి అటునిటు. ఆ వేయిమందియు ఒకే వాడవారైనచో పై లెక్కలోని రెండవ పేట సంగతియే. నీళ్ల కొళాయి, రోడ్డు, దీపము కోరి వచ్చిన వాడతో “మీరు మాకు వేయలేదు” అని చెప్పుటకు ఆ కాగితము చాలును. వోటు వేయనివాడు పదిమందియే యైనను కొళాయి అందఱికిని పోవును.

హల్ హౌస్ చుట్టునున్న పేటలో చాలభాగమును 1960 దశాబ్దమున విశ్వవిద్యాలయపు ఆవరణ కొఱకు పడగొట్టిరి. మొదటి గృహము మాత్రము నిలిచి నేడు ప్రదర్శనశాలగా నున్నది. 1895 నాటి పటములు ఇప్పటికిని దొరకును. పెద్ద కాగితముపై నీలపు గళ్లు, పచ్చని గళ్లు, వాని నడుమ నడుమ తెల్లని ముక్కలు. ఆ తెల్లని ముక్కలలో కొన్ని, తండ్రిది వేఱు రంగైన యింట బడికి పోయిన పిల్లలవి.